ట్యాంకులో దిగే ముందు మీటరును పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

మ్యాన్‌హోల్‌లోనో ట్యాంకులోనో ఊపిరాడక కార్మికులు చనిపోయారని చదివినప్పుడల్లా నాకు ముందు లోపలి గాలిలో విషవాయువులను, ఆక్సిజన్‌ను కొలిచే గ్యాస్ మీటరే గుర్తొస్తుంది. పరవాడ వైపు పన్నెండేళ్లుగా సేఫ్టీ పనిలో ఉన్నాను.

కిందటి నెల ఒక కాంట్రాక్టరు మనుషులు ట్యాంకు కడగడానికి వచ్చారు. మీటరులో ఆక్సిజన్ మామూలు గాలిలో ఉన్నట్టే 20.9 శాతం, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు సున్నా. వెనక కాలిబ్రేషన్ (అంకెలు సరిచూసి సర్దడం) అయిందన్న స్టిక్కరు కూడా ఉంది. ఒక కుర్రాడు అప్పటికే నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఆగమని, హైడ్రోజన్ సల్ఫైడ్ 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతులు) ఉన్న పరీక్ష గ్యాసు సిలిండరు గొట్టం మీటరుకు తగిలించి చూశాను. 25 దగ్గర చూపాల్సింది, రెండు నిమిషాలైనా అంకె 4 దాటలేదు, అలారం మోగలేదు. నా చేతులు చల్లబడ్డాయి. పాడైన సెన్సరు కూడా సున్నానే చూపిస్తుంది మరి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు బాగా పెరిగితే ముక్కుకు వాసన కూడా తెలియదు.

ఈ సెన్సర్లు మామూలుగా రెండు మూడేళ్లకే బలహీనపడతాయి. పరీక్ష గ్యాసుకూ గడువు తేదీ ఉంటుంది, అది ఎవరూ చూడరు. శుభ్రమైన గాలిలో చేయాల్సింది పోయి, జనరేటరు పొగ పక్కనే నిలబడి మీటరును సున్నాకు సెట్ చేసేవాళ్లనూ చూశాను.

దిగే రోజు పొద్దున పరీక్ష గ్యాసుకు మీటరు చూపిన అంకెను లోపలికి దిగడానికి ఇచ్చే పర్మిట్ కాగితం మీద రాయడం తప్పనిసరి చేయాలని ఫ్యాక్టరీల శాఖను, మున్సిపాలిటీలను కోరుతున్నాను.

- ఒక సేఫ్టీ టెక్నీషియన్, అనకాపల్లి జిల్లా