తమ్ముడితో మాట్లాడేటప్పుడు

తల్లీ,

దసరా సెలవులకు వస్తున్నావుగా. వచ్చాక చెబుదామంటే మీ తమ్ముడు నన్ను ఒకచోట కూర్చోనివ్వడు, అందుకే ముందే రాస్తున్నా.

నోటితో అడగడం వాడికి కష్టం గదా, ఇప్పుడు కార్డులతో అడుగుతున్నాడు. పెరుగన్నం, నీళ్లు, ఊయల... ఫొటోలు తీసి లామినేషన్ చేయించి ఫ్రిజ్ తలుపు మీద వెల్క్రోతో అంటించాం. కావాల్సింది పీకి తెచ్చి మన చేతిలో పెడతాడు. పెరుగన్నం కార్డు మూల కొరికి కొరికి పీచుపీచు చేశాడు. చేతిలో పెట్టగానే "పెరుగన్నం" అని ఒక్కమాట అని గిన్నె ఇచ్చెయ్. నోటితో చెబితేనే ఇస్తానని బేరం పెట్టబాక. అడిగితే దొరుకుతుందని నమ్మకం కుదిరితేనే గదా ఇంకోటి అడగబుద్ధయ్యేది!

మీ నాయనమ్మకేమో ఒకటే దిగులు, కార్డులు అలవాటైతే ఇంక నోరేం తెరుస్తాడని. ఈ పద్ధతి 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టింది. బొమ్మలు వాడినందువల్ల మాట వెనకబడినట్టు పరిశోధనల్లో తేలలేదనీ, కొందరికి మాటలు పెరిగాయనీ స్పీచ్ థెరపీ మేడమ్ చెప్పింది. మేడమ్ మాట కంటే మీ నాయనమ్మకు ఎదురింటావిడ మాటే వేదమనుకో.

"నీళ్లు కావాలా?" అంటూ నీ దగ్గరికొస్తే నీకు ఇస్తాడనుకోబాక. దాహం వాడికి. మనం అడిగే మాటనే అట్టే పట్టుకున్నాడు. ఎకోలాలియా అంటారు దీన్ని, వెక్కిరింపు కాదు. నువ్వు "నీళ్లు కావాలి" అని వాడు అనాల్సిన మాట అని గ్లాసు ఇవ్వు. ప్రశ్న మీద ప్రశ్న వేస్తే ఆ ప్రశ్నలే నేర్చుకుంటాడు. స్నానానికి పిలిస్తే సబ్బు ప్రకటన మొత్తం వల్లిస్తాడు, అది "వస్తున్నా" అన్నట్టని నా లెక్క.

నీతో వచ్చిన చిక్కల్లా నీ తొందరే. ఏదన్నా అడిగాక ఆగు. పలకలేదని రెండోసారి గట్టిగా అడగబాక, వాడు మళ్లీ మొదటికొస్తాడు. గడ్డం పట్టి నీ కళ్లల్లోకి చూడమనబాక. చూడకపోయినా వింటాడు.

రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గరికి తీసుకెళ్తే మైకుల మోతకు చెవులు మూసుకుని నేల మీద దొర్లాడు. రెండు తగిలించమని పక్కనావిడ ఉచిత సలహా. పోదామని చెప్పే దారిలేక వాడు పడే పాట్లు ఆమెకేం తెలుసు? ఆ రాత్రే "ఇంటికి పోదాం" కార్డు చేశాం, మీ నాన్న చొక్కా జేబులో ఉంటది. బజార్లో వాడు ఆ జేబులో చెయ్యి పెట్టాడంటే వంకాయలు తూకంలో ఉన్నా సరే వెనక్కి తిరగాల్సిందే. నాకైతే వాడు పెరుగన్నం అడిగిన దానికన్నా ఇదే పెద్ద మాట.

నీ ఫొటో ఒకటి పంపు, మొహం స్పష్టంగా ఉండేది, ఆ నల్లద్దాలు వద్దు. కార్డు చేయించి పెడతా. వచ్చేటప్పుడు వెల్క్రో చుట్ట ఒకటి పట్టుకురా, ఇక్కడ సన్నది దొరకలా.

అమ్మ
నెల్లూరు