మలబారీ కవిత్వాన్నీ గుర్తుచేసుకుందాం

సంపాదకులకు,

సంఘ సంస్కర్తల గురించి రాసేటప్పుడు బెహ్రామ్‌జీ మలబారీ (1853–1912) పేరు బాల్యవివాహాల ప్రస్తావనలో ఒక వాక్యంగా మాత్రమే వచ్చి పోతోంది. ఆయన ముందుగా కవి అన్న సంగతి మరుగున పడటం బాధాకరం.

బరోడాలో పార్సీ కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రి అండ కోల్పోయి సూరత్‌లో పేదరికంలో పెరిగిన ఆయనకు మలబారీ అన్న ఇంటిపేరు కూడా దత్తత తీసుకున్న వర్తకుడి నుంచి వచ్చిందే. ఆ వర్తకుడు మలబారు తీరం నుంచి చందనం, సుగంధ ద్రవ్యాలు తెప్పించి అమ్మేవాడు. 1875లో గుజరాతీలో ‘నీతి వినోద్’, మరుసటి ఏడాదే ఇంగ్లిషులో ‘ది ఇండియన్ మ్యూజ్ ఇన్ ఇంగ్లిష్ గార్బ్’ వెలువరించినప్పుడు ఆయనకు పాతికేళ్లయినా నిండలేదు. పరభాషలో రాసినా మన భావాలనే చెప్పాలని సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ ఆయనకు హితవు చెప్పారు. ఆ పండితుడి ఉపన్యాసాలను మలబారీ పట్టుబట్టి గుజరాతీలోకి తెచ్చారు.

1884లో బాల్యవివాహాలు, నిర్బంధ వైధవ్యంపై ఆయన ప్రచురించిన పత్రాలు దేశమంతటా వాదోపవాదాలు రేపాయి. లైంగిక సంబంధానికి బాలికల సమ్మతి వయసును పదేళ్ల నుంచి పన్నెండేళ్లకు పెంచిన 1891 చట్టం వెనుక ఆ కృషి ఉంది. ఆ పత్రాలకు మూడేళ్ల ముందే, 1881లో, రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం గారిని చదువుకున్న మనకు మలబారీ పరాయివారు కారు.

మీ సాహిత్య పుటలో ఆయన గుజరాతీ పద్యాలను మూలం నుంచే అనువదింపజేసి ప్రచురించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం