శీనుగాడికి, అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నుంచి

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది. ఏం తిట్టాలనుకున్నావో తిట్టెయ్, అన్నీ ఒప్పుకుంటాను. ఇక్కడ అందరం క్షేమం. ఆఫీసు పని తెమలదు, అమ్మకి మోకాలి నొప్పి కాస్త నయం, కారు మళ్ళీ షెడ్డుకెళ్ళింది. అంతే. ఇప్పుడు అసలు సంగతి విను. నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా "అయితే ఏంటట?" అంటారు.

పోయిన శనివారం అక్కా బావా పిల్లలూ చికాగో నుంచి దిగారు. ఆగస్టు ఎండ, 30 డిగ్రీలు దాటింది. పొలోమని అందరం గ్రాండ్ హేవెన్ బీచికి పోయాం. మిషిగన్ సరస్సుకి తూర్పు ఒడ్డు అది. సరస్సంటే మన కొల్లేరు అనుకునేవు, ఇక్కడ అవతలి ఒడ్డు కనపడదురా. అలలూ ఇసుకా అన్నీ ఉంటాయి, ఉప్పు ఒక్కటే తక్కువ.

బావ సంగతి నీకు తెలియనిదేముంది, కొత్తవలస పెళ్ళిలో చూశావుగా. "తప్పుకోండి, నేను ముందు" అని పరుగెత్తి దూకాడు. దూకినంత వేగంగానూ బయటపడ్డాడు. నోట మాట లేదు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నేను మడమ వరకు పెట్టి చూశాను. బాబోయ్! ఎముకల్లోకి దిగింది. ముందు వారాంతం మా పక్కింటివాళ్ళ పిల్లలు ఇదే చోట సాయంత్రం దాకా ఈదారు!

అప్పుడు చూస్తే ఒడ్డున తువ్వాళ్ళు పరుచుకున్నవాళ్ళు బోలెడుమంది గానీ నీళ్ళలో ఒక్కడూ లేడు. లైట్‌హౌసు దాకా నీళ్ళలోకి కట్టిన గట్టు మీద మాత్రం తిరునాళ్ళే, అందరి చేతుల్లో గాలాలు. అక్కడో ముసలాయన మమ్మల్ని చూసి నవ్వుతున్నాడు. ఏంటి సార్ ఇదీ అంటే ఫోన్ తీసి చూపించాడు. నీళ్ళు ఇవాళ 47 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 8 డిగ్రీలు. వారం కింద 73 అట, దాదాపు 23. "రెండు రోజులు ఉత్తర గాలి ఆగకుండా కొట్టింది. లోపలి సాల్మన్ చేప గట్టు దగ్గరికొస్తుంది, మాకు పండగ" అన్నాడు.

బావ వెంటనే సిద్ధాంతం చెప్పేశాడు (పెసరట్టు సిద్ధాంతం గుర్తుందా? ఇది దాని తమ్ముడు). ఉత్తర గాలి కదా, కెనడా చలిని మోసుకొచ్చింది, నీళ్ళు చల్లబడ్డాయి, అంతే. మరి గాలి తగిలే మనకి చెమటెందుకు కారుతోంది బావా అంటే సమాధానం లేదు.

ఇక్కడే ఉంది మజా. ఎండాకాలంలో వేడి నీళ్ళు సరస్సు పైన మీగడలా ఓ పది ఇరవై మీటర్ల మందం మాత్రమే ఉంటాయి. లోతున ఆగస్టులోనూ 4 డిగ్రీలకి దగ్గరగానే ఉంటుంది, ఎందుకంటే మంచినీళ్ళు అన్నిటికంటే బరువుగా ఉండేది ఆ 4 డిగ్రీల దగ్గరే. గాలి దక్షిణానికి తోస్తుంది, కానీ భూమి తిరుగుతోంది కాబట్టి మన ఉత్తరార్ధగోళంలో ఆ పై పొర మొత్తంగా గాలికి కుడివైపుకి జరుగుతుంది. దక్షిణం వైపు తిరిగి నిలబడు, నీ కుడి పడమర. అంటే మా వేడి నీళ్ళన్నీ అవతలి ఒడ్డున్న విస్కాన్సిన్ రాష్ట్రం వైపు పోయాయి! ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లనివి లేచి వచ్చాయి. అప్‌వెల్లింగ్ అంటారు. 1890ల్లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ తన ఓడని ఆర్కిటిక్ మంచులో కావాలనే ఇరికించుకుని, ఆ మంచు, గాలి వాటున పోకుండా గాలికి కుడిగా జరగడం గమనించాడు. ఆ లెక్క తేల్చి 1905లో అచ్చు వేయించినాయన స్వీడన్‌వాడు ఎక్‌మన్.

బావ నమ్మితేగా! "అలా అయితే మిల్వాకీలో నీళ్ళు వెచ్చగా ఉండాలి" అన్నాడు, నన్ను ఇరికించేశాననుకుని. మిల్వాకీ సరిగ్గా అవతలి ఒడ్డున. వాళ్ళ కొలీగ్ ఉంటాడక్కడ. స్పీకర్ ఆన్ చేసి ఫోన్ కొట్టాడు. "పొద్దుట్నుంచీ పిల్లలు నీళ్ళలోంచి బయటికి రావడం లేదండీ, గోరువెచ్చగా ఉన్నాయి" అన్నాడా మహానుభావుడు! శీనూ, బావ మొహం నువ్వు చూడాల్సింది. అక్క ఇసుకలో కూలబడి నవ్వింది.

ఇంత రాసింది బావ మీద చాడీలు చెప్పడానికి కాదు. (దానికీ అనుకో.) ఇంటికొచ్చి చదువుతుంటే తగిలింది: 1950ల్లో లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త మన ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, విశాఖ ముందున్న సముద్రంలో ఇదే జరుగుతుందని రాశాడట, 1954లో! మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది కదా. ఎండాకాలంలో నైరుతి గాలి దాని వెంబడే వీస్తుంది. కుడివైపు ఏముంది? బంగాళాఖాతం. పై నీళ్ళు అటు జరుగుతాయి, కిందివి పైకొస్తాయి. ఇక్కడిలా పళ్ళు కొట్టుకోవులే, తేడా తక్కువే. కానీ ఆ నీళ్ళతో అడుగునున్న నైట్రేట్లూ ఫాస్ఫేట్లూ వెలుతురులోకి వస్తాయి, వాటితో నాచు, నాచు తినే పురుగు, దాని వెనక చేప. పెరూ వాళ్ళ ఆంకోవీ చేపల వ్యాపారమంతా ఈ పుణ్యమే. మన దగ్గర వానల తర్వాత గోదావరీ గంగా తెచ్చే మంచినీరు తేలిగ్గా పైన పరుచుకుని మూతేస్తుంది కాబట్టి ఆట అంతగా సాగదు.

నువ్వు అదే క్యాంపస్‌లో చదివి, రోజూ ఆ సముద్రాన్నే చూస్తూ క్యాంటీన్ బాకీ తప్ప ఏదీ గుర్తుంచుకోలేదు! ఏప్రిల్లో ఓసారి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, వేటకెళ్ళే వాళ్ళని అడుగు, నీళ్ళ రంగు మారుతుందా, చేప ఎటు జరుగుతుందా అని. వాళ్ళకి ఎక్‌మన్ అక్కర్లేకుండానే తెలిసి ఉంటుంది. అడిగి రాయి. ఫోన్లో చెప్పకు, రాయి.

అన్నట్టు మూడు రోజుల తర్వాత గాలి తిరిగింది, నీళ్ళు మళ్ళీ వెచ్చబడ్డాయని విని బావ రెండోసారి దిగాడు చూడూ, అప్పుడు ఏమైందంటే... అయ్యో, పోస్టాఫీసు మూసేస్తారు, పరుగెత్తాలి. మిగతాది మళ్ళీ.

నీ
రాంబాబు