చలి అంకె పక్కన గాలి లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం రాగానే మీ జిల్లా పేజీలో ఆదిలాబాద్‌లో ఇన్ని డిగ్రీలు, సిర్పూర్‌లో ఇన్ని, హనుమకొండలో ఇన్ని అని రోజూ వేస్తారు. బాగానే ఉంది. కానీ తెల్లారకముందే బండి తీసి డ్యూటీకి పోయేవాళ్లకి, పత్తి లోడు మీద కూర్చుని ఎనుమాముల మార్కెట్‌కి వచ్చే రైతుకి తగిలే చలి ఆ అంకె కాదు.

ఒంటి వేడికి చర్మాన్ని ఆనుకుని పల్చటి వెచ్చని గాలి పొర ఒకటి ఉంటుంది, ఎదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంటుంది. అమెరికా, కెనడాలో 2001 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల గాలి కొడితే ముఖానికి 6 డిగ్రీల్లో ఉన్నట్టే, అదే 5 డిగ్రీలైతే సున్నా కిందికి పోయినట్టే. మన దగ్గర బాగా చలి ఉన్న తెల్లవారుజామున చాలాసార్లు ఆకు కూడా కదలదు కదా అంటారేమో, నిజమే, బండి 40లో పోతుంటే ఆ గాలిని మనమే పుట్టిస్తున్నాం. (బండి పెట్రోల్ ట్యాంకు మాత్రం బయటి గాలి కంటే చల్లబడదు, ఈ లెక్క ఒంటికే.)

2019 జనవరి 30న చికాగోలో మైనస్ 30 డిగ్రీలుంటే గాలితో కలిపి మైనస్ 45 దాటింది. అలాంటప్పుడు కప్పుకోని చర్మం నిమిషాల్లో గడ్డకడుతుంది. అందుకే అక్కడ రెండు అంకెలూ చెబుతారు, మన పిల్లలు చాలామంది ఉన్నది ఆ చలిలోనే.

ఇక్కడ అంత లేదు గానీ వేళ్లు తిమ్మిరెక్కితే బ్రేకు పట్టు దొరకదు. స్వెట్టర్ అల్లికలోంచి గాలి దూరుతుంది, పైన రెయిన్‌కోటు వేసుకున్నా చాలు, అదీ లేకపోతే చొక్కా లోపల ఛాతీకి మీ పేపరే అడ్డం పెట్టుకోవచ్చు. ట్యాంకు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని పోయేవాళ్లని చూస్తే మాత్రం నాకు కోపమొస్తుంది, గాలంతా ముందు తగిలేది వాళ్లకే. మందేస్తే వెచ్చగా అనిపిస్తుంది తప్ప లోపలి వేడి ఇంకా తొందరగా బయటికి పోతుంది. తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే వచ్చే విషవాయువుకి వాసనే ఉండదు. వణికే మనిషి మాట ముద్దగా వస్తున్నా, మగతగా ఉన్నా నిద్రపోనివ్వకుండా మాట్లాడిస్తూ 108కి ఫోన్ చేయాలి.

మీ వాతావరణం బాక్సులో ఇంకో గడి పెడితే చాలు: నిలబడితే ఇంత, బండి మీద ఇంత. 10 డిగ్రీలు, ఆ లోపు ఉన్న ఊళ్లకే వేయండి, అంతకు పైన ఆ లెక్క పనిచేయదు.

ఇట్లు,
హనుమకొండ పాఠకుడు