ఊపిరి రోగుల లెక్క ఏదీ?

సంపాదకులకు,

మా అమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదింది, అంతే. ఇప్పుడు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడిపోతుంది. ఆసుపత్రి మారిన ప్రతిసారీ ప్లాస్టిక్ కవర్లో ఎక్స్‌రేలు, మందుల చీటీలు పట్టుకెళ్లి కథంతా మొదటి నుంచీ చెప్పుకోవాలి. మొన్న ఒకచోట పాత రిపోర్టు వైపు చూడనైనా చూడకుండా స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) మళ్లీ చేయించారు. ఆ గొట్టంలోకి గట్టిగా ఊదలేక ఆవిడ ఏడ్చేసింది.

క్యాన్సర్‌కు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 1981లోనే రిజిస్ట్రీలు, అంటే రోగుల వివరాలు ఒకచోట రాసిపెట్టే జాబితాలు, మొదలుపెట్టింది. టీబీ రోగుల వివరాలు 2012 నుంచి నిక్షయ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఎక్కుతున్నాయి. టీబీ తగ్గాక కూడా ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయాసంతో బతికేవాళ్ల మాటేమిటి? క్వారీల్లో రాతి దుమ్ము పీల్చినవాళ్లు?

ఇలాంటివాళ్ల లెక్క రాయడం చేతకాని పనేం కాదు. 2012-15 మధ్య 19 నగరాల్లోని 27 కేంద్రాల డాక్టర్లు ఐఎల్‌డీ (ఊపిరితిత్తుల కణజాలం వాచి, గట్టిపడే జబ్బులు) రోగులు 1,084 మంది వివరాలు ఒకచోట చేర్చారు. వాళ్లలో దాదాపు సగం మందిది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, అంటే గాలిలో పీల్చినవి పడక ఊపిరితిత్తులు వాచే జబ్బు. అందులోనూ సగానికి దగ్గరగా ఎయిర్ కూలర్ గాలి పీల్చినవాళ్లేనట! లెక్క రాయకపోతే కూలర్‌ను అనుమానించేదెవరు?

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులన్నిటికీ కేంద్రం జాతీయ రిజిస్ట్రీ పెట్టాలి. రోగి చేసే పని, వంట చెరకు, పాత టీబీ, స్పైరోమెట్రీ ఫలితం అందులో తప్పక ఉండాలి. పేర్లు మాత్రం బయటికి పొక్కకూడదు. జబ్బు సంగతి తెలిస్తే పనిలోంచి తీసేస్తారన్న భయం కూలీలకు ఉంటుంది.

– ఒక పాఠకురాలు, గుంటూరు