మా బడి రిజిస్టర్‌ను బతికించిన పెద్దాయనకు

ఇవాళ మళ్లీ బడిలో గంట కొట్టాం. ఒళ్లంతా నొప్పులు, చేతులకు బ్లీచింగ్ వాసన ఇంకా వదల్లేదు. అయినా ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం మున్నేరు పొంగినప్పుడు ఖమ్మం దగ్గరున్న మా ప్రాథమిక పాఠశాలలోకి కిటికీల దాకా నీళ్లొచ్చాయి. నీళ్లు తీసేసరికి మోకాలు లోతు బురద. 27 మంది పిల్లలు, టీచర్ని నేనొక్కదాన్నే. ఇళ్లలో బురద అలాగే వదిలేసి ఊరివాళ్లు పారలు పట్టుకుని బడికొచ్చారు.

బీరువా తెరిస్తే అడ్మిషన్ రిజిస్టర్ తడి ముద్దయిపోయి ఉంది. ఊళ్లో ఎవరికి ఇక్కడ చదివినట్టు బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలన్నా, పుట్టిన తేదీ తేలాలన్నా అదే ఆధారం. కవర్లో పెట్టుకుని ఖమ్మం వెళ్తే, పేజీలు విడిపోతేగానీ ఏమీ చేయలేనన్నాడు జిరాక్స్ షాపతను. పక్కన ఇస్త్రీ బండి పెద్దాయన "ఇటియ్యి బిడ్డా, చూస్త" అన్నాడు. గిరాకీ బట్టలు పక్కకు జరిపి, ఒక్కో పేజీకి కిందా పైనా తెల్లకాగితం పెట్టి, ఇస్త్రీపెట్టె వేడి తగ్గేదాకా ఆగి, మెల్లగా ఒత్తుకుంటూ పోయాడు. మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి తొమ్మిదైంది. ఆయనకు చదువు రాదు, అందుకే ప్రతి పేజీకీ "పేర్లు ఉన్నయా బిడ్డా?" అని అడిగేవాడు. కొన్ని చెరిగిపోయాయి, చాలావరకు ఉన్నాయి. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన ఇల్లు కూడా మునిగిందని, ముసలావిడతో పునరావాస కేంద్రంలో పడుకుంటున్నారని అప్పుడు తెలిసింది. అక్కడే బండి పట్టుకుని ఏడ్చేశాను. పేరు అడగాలని కూడా తోచలేదు.

మా ఆయన, తమ్ముడు రెండు రోజులు బడిలోనే ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం అడగాలి. 30 మంది లోపు పిల్లలున్న బడికి బడి ఖర్చులకు సర్కారు ఇచ్చే కాంపోజిట్ గ్రాంట్ ఏడాదికి 10,000 రూపాయలు. సుద్దముక్కల నుంచి మరమ్మతుల దాకా అన్నీ అందులోనే. మునిగిన బడి ఫొటోలు పై అధికారులు మూడుసార్లు పంపించుకున్నారు, వచ్చి చూసినవాళ్లు లేరు. పిల్లలు తగ్గారని లెక్క అడగడానికి మాత్రం వెంటనే ఫోన్ వస్తుంది. బడి ఇలా ఉంటే ఎవరు పంపుతారండీ పిల్లల్ని?

అయ్యో, మధ్యాహ్న భోజనం వండే అక్కను మర్చిపోయాను, గిన్నెలు కొట్టుకుపోతే సొంత గిన్నెలు తెచ్చింది. ట్యాంకర్ పంపిన మాజీ సర్పంచ్ గారికి, తెల్లకాగితాల కట్ట ఊరికే ఇచ్చిన ఆ జిరాక్స్ తమ్ముడికి కూడా దండాలు. ఇంకా ట్రాక్టర్ పిల్లలు, డీజిల్ డబ్బులు తీసుకోండిరా, రేపు బడి దగ్గరికి రండి.