ఆ రెండు నిమిషాలకు జవాబు చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

మాది రాజమండ్రి. ఉద్యోగరీత్యా అమెరికా వచ్చి, న్యూ ఆర్లియన్స్ పక్కనే ఉన్న మెటరీలో స్థిరపడ్డాం. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మొన్న మళ్లీ పాత గొడవే లేచింది. 2019 జనవరి 20న మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సెయింట్స్‌కూ, లాస్ ఏంజెలెస్ జట్టు రామ్స్‌కూ మధ్య జరిగిన మ్యాచ్‌లో రిఫరీలు పట్టించుకోని ఆ ఫౌల్ గురించి. ‘ఇన్నేళ్లయింది, ఇంకా వదలరా?’ అని ఒకరు అడిగారు. ‘వదిలే ప్రసక్తే లేదు’ అని ఇంకొకరు. నేను వదలని పక్షం. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్క. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరాక, అది చేతికి అందేలోపు దాన్ని పట్టుకోబోయేవాణ్ని ఎదుటి జట్టువాడు గుద్దకూడదు. గుద్దితే రిఫరీలు పసుపు జెండా విసురుతారు. దీన్ని పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అంటారు.

ఆ రోజు గెలిచినవాళ్లకే సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్ ఆడే అవకాశం. స్కోరు 20-20. ఆట ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేదు. సెయింట్స్, రామ్స్ గోల్ గీతకు 13 గజాల దూరం దాకా వచ్చేశారు. సెయింట్స్ తరఫున బంతి విసిరే డ్రూ బ్రీస్ దాన్ని టామీలీ లూయిస్‌కు విసిరాడు. బంతి గాల్లో ఉండగానే రామ్స్ ఆటగాడు నికెల్ రోబీ-కోల్‌మన్ పరుగున వచ్చి లూయిస్‌ను గుద్ది పడేశాడు. బంతి వైపు తల కూడా తిప్పలేదు.

మేం పక్కింటి పెద్దాయన ఇంట్లో చూస్తున్నాం. 1975లో సెయింట్స్ సొంత స్టేడియం సూపర్‌డోమ్ తెరిచినప్పటి నుంచీ ఆ జట్టును నమ్ముకున్న మనిషి. ఓడిపోతూ వచ్చిన రోజుల్లో అభిమానులు సిగ్గుతో తలకు కాగితపు సంచులు తొడుక్కుని స్టేడియానికి వెళ్లేవాళ్లట, అదీ చూశారు. ఆ క్షణంలో ఆయన కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్లి, తెర మీద వేలు పెట్టి ‘జెండా ఎక్కడ? జెండా ఎక్కడ?’ అని వెతికారు. రెండో చేతిలో ఇక్కడి కార్నివాల్ పండగ రోజుల్లో తినే కింగ్ కేక్ ముక్క. దాని మీది ఊదా, ఆకుపచ్చ, పసుపు రంగుల చక్కెర చొక్కా మీద రాలుతున్నా గమనించలేదు. జెండా పడలేదు.

జెండా పడి ఉంటే బంతి సెయింట్స్ దగ్గరే ఉండేది, గడియారాన్ని దాదాపు చివరిదాకా నడిపించి, తీరిగ్గా కిక్ కొట్టేవాళ్లు. పడకపోవడంతో అప్పటికప్పుడు మూడు పాయింట్ల కిక్ కొట్టి 23 చేశారు. మిగిలిన సమయంలో రామ్స్ సమం చేశారు. అదనపు సమయంలో గ్రెగ్ జర్లైన్ 57 గజాల నుంచి కొట్టిన కిక్‌తో 26-23తో గెలిచి వెళ్లిపోయారు.

మ్యాచ్ అయ్యాక లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) రిఫరీల విభాగం అధిపతి తనతో ఫోన్‌లో తప్పు ఒప్పుకున్నారని సెయింట్స్ కోచ్ షాన్ పేటన్ విలేకరులకు చెప్పాడు. తాను బంతి కంటే ముందే వెళ్లి తగిలానని రోబీ-కోల్‌మన్ కూడా ఒప్పుకున్నాడు. అదే దెబ్బకు, హెల్మెట్ తగిలిందని లీగ్ అతనికి 26,739 డాలర్ల జరిమానా వేసింది. ప్రధాన రిఫరీ బిల్ వినోవిచ్ మాత్రం ఒక్క విలేకరికి నాలుగు మాటలు చెప్పాడు. అది దగ్గరున్న అధికారి నిర్ణయమని, తాను ఆ ప్లే చూడలేదని. అంతే. లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ నోరు విప్పడానికి పది రోజులు పట్టింది.

నా బాధంతా ఇక్కడే. కళ్లు పొరపడతాయి. మైదానంలో ఏడుగురు అధికారులున్నా, అరక్షణంలో జరిగే దాన్ని చూడలేకపోవచ్చు. కానీ తప్పని ఫోన్‌లో ఒప్పుకున్న మాటను, టికెట్ కొని వచ్చిన 70 వేల మందికి ఆ రాత్రే ఎందుకు చెప్పరు?

మా గ్రూపులో ఒక తమ్ముడు అంటాడు: ‘అక్కా, సెయింట్స్ 13-0 ఆధిక్యాన్ని పోగొట్టుకున్నారు, అదనపు సమయంలో బ్రీస్ బంతిని ఎదుటివాళ్ల చేతిలో పెట్టాడు, ఒక్క నిర్ణయాన్ని ఎందుకు పట్టుకుని వేలాడతారు?’ ఆ రెండూ నిజమే, కాదనను. అయినా సెయింట్స్ బాగా ఆడారా లేదా అన్నది ఒక ప్రశ్న, రిఫరీ పని రిఫరీ చేశాడా లేదా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు స్కోరు బోర్డు ఇస్తుంది. రెండోదానికి ఎవరూ ఇవ్వరు.

న్యూ ఆర్లియన్స్‌వాళ్లు ఆ జవాబు కోసం కోర్టుకు కూడా వెళ్లారు. డబ్బు వస్తే దానధర్మాలకు ఇస్తామన్నారు, వాళ్లకు కావలసింది కమిషనర్, రిఫరీలు ప్రమాణం చేసి నిజం చెప్పడం. లూసియానా సుప్రీంకోర్టు ఆ సెప్టెంబరులో కేసు కొట్టేసింది. ఇదంతా పిచ్చి అభిమానం అని కొందరు నవ్వారు. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు ఇదే సూపర్‌డోమ్‌లో వేలమంది తలదాచుకున్నారు. మరుసటి ఏడాది ఆ తలుపులు మళ్లీ ఆట కోసం తెరుచుకున్నప్పుడు ఊరికి ఊపిరి వచ్చినట్టయిందని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ జట్టు వీళ్లకు ఏమిటో తెలిస్తే నవ్వు రాదు.

లీగ్ ఏమీ చేయలేదని అనను. 2019 మార్చిలో జట్ల యజమానులు 31-1 ఓట్లతో పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ను వీడియో రివ్యూలోకి తెచ్చారు. అయితే రివ్యూ చేసేవాళ్లకే మైదానంలోని నిర్ణయాన్ని మార్చడానికి చేతులు రాలేదు. 2020 జనవరిలో, అదే సూపర్‌డోమ్‌లో, సెయింట్స్‌తో ఆడిన వైకింగ్స్ జట్టు ఆటగాడు కైల్ రుడాల్ఫ్ అడ్డున్నవాణ్ని చేత్తో తోసి గెలుపు టచ్‌డౌన్ పట్టాడని ఇక్కడ అందరూ మొత్తుకున్నారు. వీడియో చూశారు, సరేనన్నారు. ఆ తర్వాత రూలే ఎత్తేశారు.

బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏను చూడండి. హోరాహోరీగా ముగిసిన మ్యాచ్‌లలో చివరి రెండు నిమిషాల నిర్ణయాలపై 2015 నుంచి నివేదిక బయటపెడుతోంది. ఏది సరైన నిర్ణయం, ఏది తప్పు, ఏ ఫౌల్‌ను వదిలేశారు అని ఒక్కొక్కటిగా. దానివల్ల ఫలితం మారదు. కానీ అడిగినవాళ్లకు జవాబు దొరుకుతుంది. మన క్రికెట్‌లోనూ, 2019 ప్రపంచకప్ ఫైనల్‌లో ఓవర్‌త్రోకు ఐదు పరుగులకు బదులు ఆరు ఇచ్చిన అంపైర్ కుమార ధర్మసేన, టీవీలో చూశాక అది పొరపాటేనని పేపరువాళ్లకు చెప్పాడు. చెప్పినందుకు ఆయన చిన్నవాడైపోలేదు.

ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి నేను అడిగేది అంతే. ఎన్‌బీఏ లాగా చివరి రెండు నిమిషాలకు నివేదిక ఇవ్వండి. ప్రధాన రిఫరీ వీడియో చూశాకే విలేకరుల ముందుకు రావాలి, ఒక్కరికి కాదు, అందరికీ జవాబు చెప్పాలి.

ఇక్కడ పుట్టిన మన పిల్లలు క్రికెట్ కంటే ఈ ఆటే ఎక్కువ చూస్తున్నారు. ప్రతి ఫిబ్రవరిలో సూపర్ బౌల్ వార్త మీ పత్రికలోనూ వస్తుంది. ఈసారి స్కోరు, హాఫ్‌టైమ్ పాటలతో పాటు రిఫరీల సంగతి కూడా నాలుగు వాక్యాలు రాయించండి.

— ఒక పాఠకురాలు, మెటరీ, లూసియానా